కొట్టి చూసినవా?

గోదావరిఖనిలో మా కాలనీ చివరి వరుసలో ఒక క్వార్టర్ ఎప్పుడూ ఖాళీయే. ఇస్తామన్నా ఎవరూ తీసుకోరు. చీకటి పడ్డాక లోపల ఎవరో సబ్బల్‌తో, అంటే గడ్డపారతో, స్లాబును కొడుతున్న చప్పుడు వస్తుందట. ఖంగు... ఖంగు...

అందులో ఓదెలు ఉండేవాడు. బాయిలో, అదే మా బొగ్గు గనిలో, కప్పు కూలి చచ్చిపోయాడు. భూమి లోపల కప్పును సబ్బల్‌తో కొట్టి చూడకుండా ఎవరూ దాని కింద అడుగు పెట్టరు. ఖంగుమంటే గట్టిది. డొల్లగా మోగితే ఉరకాలి. ఆ రోజు కొట్టి చూడవలసినవాడు అతని జోడీదారు. చూడలేదు. ఆ తరవాత బదిలీ చేయించుకొని నస్పూర్ వెళ్లిపోయాడు.

నేను దెయ్యాలను నమ్మను. మమత చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను, అంతే.

మమత మా పక్కింటి భూపాల్ భార్య. కంప్యూటర్ ఆటలో బొగ్గు తవ్వే రోబోకు ప్రోగ్రాం రాసింది. తెల్లారితే హైదరాబాద్ కంపెనీవాళ్లకు దాన్ని నడిపి చూపాలి. నడిస్తే ఉద్యోగం. నడవకపోతే ఇంట్లో, కోడలికి ఉద్యోగమెందుకనే అత్త సారవ్వ మాటే చెల్లుతుంది.

కానీ ఆ రోబో కదలడం లేదు.

“బొమ్మ కదలకుంటె నీకెవడిస్తడే నౌకరి? లైటు బంద్ చెయ్యి,” అంది సారవ్వ.

భూపాల్ నైట్ షిఫ్టుకు పోయాడు. మమతకు పంతం వచ్చింది. ల్యాప్‌టాప్ చంకన పెట్టుకొని ఖాళీ క్వార్టర్ దారి పట్టింది.

“పో, ఓదెలుకు చూపియ్యి నీ ఆట!” వెనక నుంచి అత్త అరిచింది.

లోపల కాలు విరిగిన కుర్చీ ఒకటే. అందులోనే కూర్చుంది. ఆ రోబో బొగ్గుతో నడుస్తుంది — బొగ్గు నిండుగానే ఉంది. ముందు రాయి అడ్డం ఉందా — లేదు. ఆట మూసి మళ్లీ తెరిచింది... ఊహూ. తెర మీద గుహ మధ్యలో అది అట్లనే నిలబడి ఉంది.

ప్రోగ్రాం మొదటి నుంచి చదివింది. దొరికింది. తను రాసిన వరుసే — ప్రతి అడుగుకు ముందు పైన కొట్టి చూడు, డొల్ల ఉంటే కదలకు.

చిన్నప్పుడు అన్నం ముద్ద పెడుతూ కూడా నాయిన అదే మాట. “కొట్టి చూడంది అడుగు పెట్టకు బిడ్డా.” అలవాటుకొద్దీ రాసేసింది. ఆ గుహలో పైనంతా డొల్లే. ఇంక రోబో ఎట్లా కదులుతుంది? ఆటలో కప్పు కూలదు కదా!

నవ్వుకుంటూ ఆ వరుస చెరిపేసింది.

వెనక ఎవరో గుసగుసగా అడిగారు.

“కొట్టి చూసినవా?”

కిటికీ దగ్గర అత్త నిలబడి ఎగతాళి చేస్తోందనుకుంది. తల తిప్పకుండానే కసిరింది.

“ఆ, చూసిన! ఏం కాదు, పో!”

రోబో కదిలింది. ఒక అడుగు... డొల్ల కిందికి.

ఖంగు.

పైన, గుమ్మం దగ్గర. ఖంగు... కొంచెం లోపలికి. ఖంగు... ఇంకా దగ్గరికి. సరిగ్గా ఆమె నెత్తి మీదికి వచ్చి ఆగింది.

డొబ్.

గని కార్మికుడి బిడ్డ. ఆ చప్పుడు ఆమెకు తెలుసు. అన్నీ వదిలేసి గుమ్మం అవతలికి దూకింది. వెనక స్లాబు కూలింది.

తెల్లారి వెళ్లి చూశాను. పెళ్లల కింద కుర్చీ, ల్యాప్‌టాప్ నుజ్జు నుజ్జు. “పాత స్లాబు, కిందంతా బొగ్గు తీసిన నేల. కూలదా మరి?” అన్నాను. సారవ్వేమో రాత్రి గడప దాటలేదని ఒట్టేసింది.

తల ఎత్తాను. మిగిలిన కప్పు మీద సున్నం కొత్తగా రాలి, సబ్బల్ దెబ్బలు. గుమ్మం నుంచి కుర్చీ ఉన్న చోటి దాకా. అవతల ఒక్కటీ లేదు.

మమత ఉద్యోగం ఊసే ఎత్తలేదు.

“కాకా, నేను నస్పూర్ దాన్ని. ఆయన మొకం గూడ ఎరుగ. నా మీద పగేంది?”

నేను కప్పు మీది దెబ్బల వైపే చూస్తున్నాను.

“ఆ దినం జోడీదారును ఓదెలు అడిగిండా... కొట్టి చూసినవా అని?”

“అడిగిండు. నేను ఎనుకనే ఉన్న.”

“ఆయన ఏమన్నడు?”

“‘ఆ, చూసిన. ఏం కాదు, పో’ అన్నడు.”

ఆమె గుమ్మం పట్టుకుంది.

“ఎవరు కాకా ఆయన?”

“సదయ్య. మీ నాయిన.”