ఆరబెట్టే గదిలో తెల్లపట్టు

మా సస్కచెవాన్ వైమానిక శిక్షణ మైదానంలో పొద్దుగూకాక ఆ గదివైపు ఎవరూ వెళ్ళేవాళ్ళు కాదు. తడిసిన పారాచూట్లను వేలాడదీసి ఆరబెట్టే గది అది... ఐదు నిలువుల ఎత్తు, పైన కప్పీలు, తాళ్ళు. గార్నెట్ పోయాక దానికి చెడ్డపేరొచ్చింది. రాత్రయితే కప్పీ కిర్రుమంటుందట... తెల్లగా ఏదో పైకి పోతుందట...

గార్నెట్ ప్రూయిట్‌కి పంతొమ్మిదేళ్ళు. యుద్ధం మొహం చూడకముందే, ఇక్కడే, శిక్షణ విమానం చెడిపోతే దూకాడు. పారాచూట్ తెరుచుకోలేదు.

దాన్ని మడిచింది ఐలా థోర్వాల్డ్‌సన్, పారాచూట్లు మడిచే పనిలో నా పక్క బల్ల పిల్ల. మడిచినవాళ్ళు చీటీ మీద సంతకం పెట్టి మూటలోనే దోపాలి, అది మా పద్ధతి. తెల్లారితే విచారణ. తెరుచుకోని ఆ మూటకి సీలు వేసి, పొయ్యి లేని చలికొట్లో పెట్టారు. తప్పు ఐలాదని తేలితే యూనిఫాం విప్పించి పంపేస్తారు. నిండు ప్రాణం తీసిందన్న మాట జన్మంతా మొయ్యాలి.

"వాడు నీకోసమే తిరుగుతున్నాడమ్మాయ్," అన్నాడు పారాచూట్లు అందించే మా సార్జెంట్ హాస్కెట్, భోజనాల దగ్గర అందరూ వింటుండగా. "ఆ గది ఛాయలకి పోకు."

ఐలా చెంచా విసిరికొట్టింది. "పోతాను! నేను మడిచింది తెరుచుకోకపోవడమేంటి? వాణ్నే అడుగుతా."

ఆ తర్వాత జరిగింది ఆమె నోట విన్నదే.

లోపల చిమ్మచీకటి... పొయ్యి ఎప్పుడో చల్లారింది. టార్చి కూడా పట్టుకెళ్ళలేదు, మొండిఘటం!

"గార్నెట్!" అంది. "నామీద కోపముంటే ఎదురుగా వచ్చి చెప్పు. చాటుమాటు వేషాలు నా దగ్గర కాదు."

పైన... కిర్ర్...

తెల్లగా ఏదో దిగుతోంది. నెమ్మదిగా... ఇంకా కిందికి... మొహం మీదికే వచ్చేసింది. అయినా రెండు చేతులా ఒడిసి పట్టుకుంది.

పారాచూట్ పట్టు. తడిగా ఉంది. మడతల్లో ఇంకా మంచు పలుకులు.

వెనక తలుపు తెరుచుకుని లైటు వెలిగింది. గుమ్మంలో సార్జెంట్.

ఐలా అంచున నంబరు చూసింది. "ఇది గార్నెట్‌ది! సీలు వేసింది ఇక్కడికెలా వచ్చింది?"

"అరవకే తల్లీ..." అతను తలుపు దగ్గరికి వేశాడు. "నువ్వు మడిచిచ్చాక, ఆ రోజు మూట తడిమంచులో నానింది. ఆరబెట్టే టైం లేదని వాడికి అలాగే ఇచ్చేశాను. పైన చలికి గడ్డకట్టుకుపోయింది. ఆరబెట్టి, మళ్ళీ మడిచి పెట్టేస్తే..."

"నా సంతకం చీటీతోనే, తప్పు నామీదికి వచ్చేలా! అందరినీ బెదరగొట్టడానికి ఈ దెయ్యం కథ కూడా నువ్వే అల్లావన్నమాట. చచ్చినవాణ్ని అడ్డం పెట్టుకోడానికి సిగ్గులేదూ?"

అతను ఆమెను చూడటం లేదు. అవతలి గోడకున్న కొక్కెం వైపు చూస్తున్నాడు. మొహాన కత్తివేటుకి నెత్తుటి చుక్క లేదు.

"తాడు... నేను గట్టిగా ముడేసి పోయాను. ఇప్పుడే వచ్చాను," అని గొణిగాడు. "దించిందెవరు?"

ఐలా ఆ తడిపట్టును గుండెలకు హత్తుకుని, మంచులో పడి నేరుగా కమాండర్ ఇంటి తలుపు బాదింది.

పొద్దున విచారణలో సార్జెంట్ అంతా ఒప్పుకున్నాడు. ఆఖర్న అధికారి అడిగాడు, "ఇంతకీ దాన్ని కిందికి దించిందెవరు?"

"గార్నెట్ ప్రూయిట్. సాక్షి కింద రాసుకోండి సార్," అంది ఐలా.

ఆయన కలం ఆగింది. "అతను చనిపోయాడు కదమ్మా!"

"అవును సార్. ఎవరి వల్ల పోయాడో చెప్పడానికే వచ్చాడు. రాసుకోండి."