నిద్రించినవారి పేజీ

చందానగర్ చర్చి యాభై ఏళ్ల పండుగకు వేసిన పుస్తకంలో ఎస్తేరమ్మ పేరు 'ప్రభువునందు నిద్రించినవారు' అన్న పేజీలో అచ్చయిందని చంద్రమ్మ అన్నదట. చర్చి ఊడ్చే చంద్రమ్మ కూరగాయల బండి కాడ అన్న మాట, తెల్లాపూర్ అపార్ట్‌మెంట్లో మెట్లు తుడిచే పోచమ్మ నోట్లో పడి, పొద్దున ఎనిమిదింటికి ఎస్తేరమ్మకే చేరింది.

ఆమె అప్పుడు కుక్కర్‌లో వేసే బియ్యంలోంచి పిడికెడు తీసి, చర్చికిచ్చే దేవుని డబ్బాలో పోస్తున్నది. ఆ చర్చి సంఘం మొదటి ప్రార్థన జరిగింది ఆమె గుడిసెలోనే. రాళ్లు కొట్టే పదకొండిండ్ల ఆడవాళ్లు ఇట్లనే పిడికెడు పిడికెడు దాచిన బియ్యంతో ఆ చర్చి గోడలు లేచినయి.

ఆ చరిత్రంతా పుస్తకానికెక్కించింది కొడుకు అజయే. సాఫ్ట్‌వేర్ మేనేజరు, చర్చికి సెక్రటరీ. ఇడ్లీ తింటున్నాడు.

"నేనెప్పుడు సచ్చిన కొడుకా?"

"ప్రింటింగ్ మిస్టేకమ్మా."

"సచ్చిన సంవత్సరం గూడ ఏసినవట గద."

అజయ్ ఇడ్లీని ముక్కలు చేస్తూ కూర్చున్నాడు. కోడలు శ్రీలత చట్నీ గిన్నె బల్ల మీద పెట్టింది.

"దాచడమెందుకండి, నేనే రాయమన్నాను అత్తయ్యా. మీ మనవరాలు సంయుక్తకు వచ్చిన సంబంధం వాళ్లు పండుగ రోజు ముందు వరసలో కూర్చుంటారు. బతికుంటే మిమ్మల్ని స్టేజీ ఎక్కించి మైకివ్వాలి. మీరేమో రాళ్లు కొట్టాం, గంజి తాగాం అని మొదలుపెడతారు. అందుకే మీరు పోయారని వాళ్లతో చెప్పేశాం."

"పిల్లను సూడనొచ్చిననాడు వాళ్లకు చాయ్ ఇచ్చింది నేనే గదనే."

"పనిమనిషనుకున్నారు. మేం కాదనలేదు."

ఎస్తేరమ్మ డబ్బా మూత పెట్టింది. ఒకసారికి పట్టలేదు, రెండోసారి నొక్కింది.

అజయ్ లేచి వచ్చి తల్లి చేతులు పట్టుకున్నాడు. ఎంగిలి చెయ్యి కడగను గూడ లేదు. కండ్లల్ల నీళ్లు తిరిగినయి.

"తప్పయిందమ్మా. పుస్తకాలు పంచకముందే ఆ పేజీ చింపిస్తా."

"అత్తయ్య అడక్కుండానే చింపిస్తారా?" అన్నది శ్రీలత. "వాళ్లకేం చెప్తారు?"

అజయ్ భార్య వైపు చూశాడు. తల్లి చేతుల మీద పట్టు వదులైంది.

ఎస్తేరమ్మ అది గమనించి చేతులు వెనక్కి తీసుకుంది. ఎంగిలి కొంగుకు తుడుచుకుంది.

"చింపకు. నాతోని రాళ్లు కొట్టినోళ్లంత ఆ పేజీలనే ఉన్నరు. పండుగనాడు పాస్టరయ్య ఒక్కో పేరు చదువుతుంటే సంఘమంత లేచి నిలబడతది. నా పేరుకు నువ్వు గూడ నిలబడాలె. ఆ ఏడుపు గప్పటికి దాసుకో."