గంగవాయిలి మడి

పొద్దున్నే చాయ్ గ్లాసు పట్టుకుని కరుణమ్మ వెనక అరుగు మీద కూర్చుంటుంది. చాయ్ ఎక్కడైనా తాగవచ్చు. అక్కడే కూర్చోవడం మాత్రం కోడలిని చూసి నవ్వడానికి.

"ఏమంటున్నయి పిల్లా నీ సమాధులు?"

పెరట్లో సిమెంటు ఇటుకలతో మోకాలెత్తున కట్టిన నాలుగు మడులున్నాయి. పొడుగ్గా, వరుసగా, అంచులకు సున్నం వేసి ఉన్నాయి. ఆమె భర్త స్వామిదాసును పాతిపెట్టిన సమాధుల తోట చూసినవాళ్ళెవరికైనా అదే గుర్తొస్తుంది. కరుణమ్మకు మొదటిరోజే గుర్తొచ్చింది. ఆ మాటను ఆమె ఇప్పటికీ వదల్లేదు.

"మంచిగున్నయి అత్తమ్మా. వంకాయకు పూత వచ్చింది." దీవెన తలెత్తలేదు. వేపనూనె కలిపిన నీళ్ళలో గుడ్డ ముంచి, ఆకుల అడుగున పట్టిన పేనుబంకను మెల్లగా తుడుస్తోంది.

"పురుగులకు తానం పోస్తున్నవా? పోయి పోయి. పౌడర్ గూడ రాయి."

దీవెన నవ్వింది. ఆ నవ్వంటే కరుణమ్మకు మరింత చులకన. తిడితే తిట్టాలి గానీ నవ్వుతుందేం ఈ పిల్ల?

"మట్టి సంచులల్ల అమ్ముతరంట, ఈమె కొంటదంట. మా అత్త ఇంటే సమాధిల నుంచి లేసొస్తుండె," అంది గాలితో అన్నట్టుగా.

ముప్పై ఏళ్ళు చేవెళ్ల దగ్గర చేను చేసిన మనిషి ఆమె. వంకాయ, టమాట, బెండ. భర్త పోయాక చేను కౌలుకిచ్చి, మొయినాబాద్‌లోని ఈ ఇంటికి కొడుకు దగ్గరకు వచ్చింది. ఏటా కోత పండుగకు విశ్వాసులు తొలిపంటను గంపల్లో చర్చికి తెస్తారు. ప్రార్థన అయ్యాక వాటిని హర్రాజు వేస్తారు. కరుణమ్మ గంప ముందుకొస్తే వేలం పాట ఆగేది కాదు. ఆ గంప ఇప్పుడు మెట్ల కింద బోర్లించి ఉంది.

దీవెన ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ల్యాబ్ అసిస్టెంటుగా చేసేది. ఆ ఉద్యోగం పోయాక చాలాకాలం మధ్యాహ్నం దాకా మంచం దిగలేదు. పిలిస్తే పలికేది, అంతే. ఒకరోజు ఎక్కడో వీడియోలో చూసి ఇటుకలు తెప్పించింది. ఆనాటి నుంచి సూర్యుడి కంటే ముందు లేస్తోంది. కరుణమ్మ ఈ తేడాను గమనించింది. గమనించినట్టు మాత్రం ఎవరికీ తెలియనివ్వలేదు.

కొడుకు వరప్రసాద్‌కు మాత్రం ఆ మడుల జాగాలో రెండు రూములు కనిపిస్తున్నాయి. కాలేజీ పిల్లలకు కిరాయికిద్దామని అతని ఆలోచన. షాబాద్‌లో ఒక ప్రైవేటు బడిలో టీచరు. ఇంట్లో కూడా పరీక్ష పెట్టినట్టే మాట్లాడతాడు.

"కోత పండుగ దాకా ఆగుత," అన్నాడు భార్యతో. "గంప నిండ పండియ్యి, మడులుంటయి. లేకపోతే మేస్త్రీ ఎల్లేశ్‌ను పిలిచి కూలగొట్టిస్త. మళ్ల ఏడ్వొద్దు."

"నిండుతది," అంది దీవెన.

కరుణమ్మ ముక్కుతో నవ్వింది.

పండుగకు రెండు వారాల ముందు, మోకాళ్ళ నొప్పులని చెప్పి ఆమె ఆదివారం చర్చికి వెళ్ళలేదు. ఇంట్లో ఎవరూ లేరు. మడుల మధ్య ఒక్కతే తిరిగింది. వంగమొక్కలు లేతగా, పాలిపోయి ఉన్నాయి. టమాటలు గోలీలంత ఉన్నాయి. ఈ కాయలు తన గంపలో చర్చి ముందుకు పోతాయా? చర్చిలో పక్కనే కూర్చునే అంతమ్మ అటు తిరిగి నోటికి కొంగు అడ్డం పెట్టుకోదా? ఆ పరువు ఎవరిది?

పరువు అనే అనుకుంది. ప్రేమ అని ఎవరైనా అని ఉంటే అక్కడే ఊసేది.

మెట్ల కింద, గంప వెనక, పాత డబ్బాలో చేను నాటి యూరియా గడ్డకట్టి ఉంది. చితక్కొట్టింది. మొదలు మొదలుకూ పిడికెడు వేసింది. పిడికిలికి ఆ కొలత ముప్పై ఏళ్ళుగా తెలుసు. ఏ మొక్కకు ఎంత దూరంలో ఎంత వేయాలో చేతికి చెప్పాల్సిన పని లేదు. అయితే చేనులో వేసినది నేలంతా పంచుకుంటుంది. ఇటుకల మధ్య ఉన్న ఈ కాస్త మట్టికి పంచుకోవడానికి పక్కన ఏమీ లేదు. ఆమె అది ఆలోచించలేదు. ఆడుకునే బొమ్మల గురించి ఎవరు ఆలోచిస్తారు?

నాలుగో మడి దగ్గర ఆగింది. అందులో గంగవాయిలి కూర ఉంది. చేనులో అడ్డదిడ్డంగా మొలిస్తే పీకి గట్టు మీద పారేసే కూర. దానికి ఇటుకలు, సున్నం, సంచుల మట్టి!

"కలుపుకు పరుపేసింది," అనుకుని చేతులు దులిపేసుకుంది.

మూడు మడులూ కొద్దిరోజుల్లోనే మాడిపోయాయి. ముందు ఆకుల అంచులు కాలినట్టయ్యాయి, తర్వాత మొక్కకు మొక్కే తల వేలాడేసింది. పూత రాలింది. దీవెన నీళ్ళు పోసి చూసింది, నీడ కట్టి చూసింది. చివరికి ఇటుకల అంచు మీద కూర్చుండిపోయింది.

"నీళ్లు ఎక్కువైనయో, తక్కువైనయో... నా చేతులల్లనే ఏదో ఉన్నది అత్తమ్మా. మీరన్నదే నిజం. ఇది నాతోని అయ్యే పని కాదు."

ఎన్ని నెలలుగానో కరుణమ్మ ఈ మాట కోసమే అరుగు మీద కూర్చుంది. ఇప్పుడు విన్నది. నోట్లో చాయ్ చప్పబడింది. అయినా అలవాటైన నాలుక ఆగలేదు.

"నేను ముందే చెప్పిన గద."

మరునాడు దీవెన లేవలేదు. ఆ మరునాడు కూడా. గదిలోకి ఎండ వచ్చినా దుప్పటి కదల్లేదు. కరుణమ్మ చాయ్ పట్టుకుని అరుగు మీద కూర్చుంది. నవ్వడానికి పెరట్లో ఎవరూ లేరు.

పండుగ రేపనగా, ఇక గంప నిండదని తేలిపోవడంతో, శనివారం పొద్దున మేస్త్రీ ఎల్లేశ్ టేపు, గడ్డపార పట్టుకుని వచ్చాడు. వరప్రసాద్ భార్యను లేపి బయటకు తీసుకొచ్చాడు, తన మాట నెగ్గడం ఆమె చూడాలన్నట్టు.

"చూసినవా? ఆ నౌకరీ చేతగాలే, ఈ పని చేతగాలే. మట్టి పిసుకుడు తప్ప నీకేమొస్తదే?"

కరుణమ్మ అరుగు మీంచి లేచింది.

ఆ చివరి మాట వరప్రసాద్‌ది కాదు. స్వామిదాసుది. చేను నుంచి ఆమె బురద కాళ్ళతో వస్తే, తెల్లబట్టలతో మంచం మీద కూర్చుని ఆయన అనే మాట అదే. 'మట్టి పిసుకుడు తప్ప నీకేమొస్తదే?' ఆయన పోయాక ఆ మాట పోయిందనుకుంది. పోలేదు. కొడుకు నోట్లో ఉంది. అంతకంటే ముందు, పొద్దుపొద్దున్నే ఇదే అరుగు మీద, తన నోట్లోనే ఉంది. ఇన్నాళ్ళూ తన గొంతు అనుకుని మురిసిపోయింది ఆయన గొంతుకేనా?

"ఎల్లేశా, గడ్డపార దించు."

"ఏమైంది పెద్దమ్మా?"

"దించమన్న. చేతగానిది ఈ పిల్లకు కాదురా ప్రసాదూ. నేనే యూరియా ఏసిన. చేనుకేసినట్టు ఏసిన. మాడిపోయింది."

దీవెన అత్త ముఖంలోకి చూసింది. "నేను ఓడిపోవాల్నని ఏసిండ్రా?"

"కాదు." కరుణమ్మ మెట్ల కిందికి చూపు తిప్పింది. "గంప... నిండాల్నని."

"మరి నన్నొక్క మాట అడిగితే ఏమైతుండె?" దీవెన గొంతు మొదటిసారి లేచింది. "రోజూ నవ్విండ్రు. నేనేమన్ననా? ఎందుకనలేదో ఎరుకేనా? ఈ ఇంట్ల నా పని చూసేది మీరొక్కరే అత్తమ్మా. నవ్వేటందుకైనా సరే, రోజూ వచ్చి కూసుంటుండ్రి. పూత రాంగనే మీకే చెప్పిన. మీరేమో మట్టిల యూరియా పోసి, నా చేతులనే నేను తిట్టుకుంటుంటే చూసుకుంట కూసున్నరు!"

"అడుగుడు నాకెట్ల వస్తది బిడ్డా," అంది కరుణమ్మ. "నన్ను ఎవ్వరూ ఏదీ అడగలే."

బిడ్డా అన్న మాట ఇద్దరికీ కొత్తగా వినిపించింది. దీవెన ముఖం తిప్పుకుని కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"ఎవరేసిన్రన్నది కాదు," అన్నాడు వరప్రసాద్, గొంతులో పట్టు తగ్గినా. "గంప లేదు గద. మాట మాటే."

కరుణమ్మ నాలుగో మడి వైపు చెయ్యి చూపింది. గంగవాయిలి ఇటుకల మీదుగా పొర్లి, బలిసిన ఎర్రటి కాడలతో మెరుస్తోంది. తను ముట్టుకోనిది అదొక్కటే. తన ఎరువుకు కూడా తగదని వదిలేసింది కాబట్టి బతికిపోయింది.

"కలుపు మొక్కనా?" వరప్రసాద్ నవ్వాడు.

"నిండ అన్నవు. ఏం కూరనో చెప్పలే. ఎల్లేశా, నువ్వు ఇంటికి పో."

కోత పండుగనాడు ఆ గంప బల్ల మీదికి రాగానే, హర్రాజు పాడే సంగయ్య కట్ట ఎత్తి చూపించాడు. "ఇది గంగవాయిలి గద! చేనుల పీకి పారేసేది హర్రాజుకొచ్చిందా?" చర్చి అంతా గొల్లుమంది. దీవెన తల దించుకుంది.

కరుణమ్మ మోకాళ్ళ మీద చేతులూని లేచింది. పెరట్లో దీవెన మీద ఇన్నాళ్ళూ పారేసిన చూపును, ఒక్క పిసరు తగ్గించకుండా, ఆ నవ్వులన్నిటి మీదికీ తిప్పింది.

"పప్పుల ఏసుకొని గిన్నెలు నాకినోళ్లే గీడ నవ్వుతున్నరు. మందు తగలని కూర మీ ఇండ్లల్ల ఎవరి దగ్గరున్నది? నా కోడలు పండించింది. పాట మొదలుపెట్టు సంగయ్యా."

నవ్వు ఆగింది. మొదటి పాట అంతమ్మే పాడింది. వెనక వరుసలోంచి ఇంకొకరు పెంచారు. ఆ తర్వాత పాట ఎంతదాకా పోయిందో దీవెన వినలేదు. ఆమె అత్త కొంగు పట్టుకుని ఏడుస్తోంది.

సోమవారం పొద్దున మాడిన మొక్కలు పీకేసి, మట్టిలోని యూరియా ఉప్పు కిందికి దిగిపోయేలా దీవెన నీళ్ళు పారించింది. కరుణమ్మ చాయ్ గ్లాసు అరుగు మీదే వదిలేసి వచ్చి ఇటుకల పక్కన కూర్చుంది. కోసిన గంగవాయిలి మొదలు ఒకటి వేళ్ళతో తడిమింది. తర్వాత, కొత్త భాష మాట్లాడుతున్నదానిలా, తడబడుతూ అడిగింది.

"దీనికి... ఎరువు ఎంత ఎయ్యాలె?"

దీవెన ఆమె అరచేయి తెరిచి, వానపాముల ఎరువు చిటికెడు పోసింది. "గింతే."

"గింతనా? దీంతోని పిట్టకు గూడ కడుపు నిండది," అంది కరుణమ్మ ఈసడింపుగా.

అంతే వేసింది.