ఎడమ పెడల్ ఉల్టా తిప్పాలె

నారాయణగూడ చౌరస్తాలో ఎర్రలైటు పడింది. బండ్లన్నీ ఆగాయి. రేసు సైకిల్ మీదున్న అమ్మాయి కూడా ఆగింది. ఆగింది గానీ కాలు కింద పెట్టలేదు. ఒక క్షణం నిటారుగా నిలబడి, రెండో క్షణం కాస్త ఆలోచించుకుని, మూడో క్షణంలో మెల్లగా, ఎంతో మర్యాదగా, పక్కనే ఉన్న రాజేశం మీద ఒరిగిపోయింది.

రాజేశం, అతని లావు టైర్ల మౌంటెన్ బైకు, క్యారియర్‌కు కట్టిన జనరల్ నాలెడ్జి పుస్తకాలు, పక్కనున్న జామకాయల బండి అన్నీ ఒకే కుప్పయ్యాయి. ఆ జామకాయలు హిమాయత్‌నగర్ దాకా దొర్లుకుంటూ పోయాయట. అటువైపు ఎత్తా పల్లమా అని అడక్కండి. దొర్లాయి, అంతే.

"ఓ అక్కా! కాలు కింద పెట్టరాదూ?" అన్నాడు రాజేశం కుప్ప అడుగు నుంచి.

"పెడ్తనే ఉన్నన్నా! వస్తలేదు!"

నిజమే. పడ్డాక కూడా ఆమె పాదం పెడల్‌లోనే ఉంది. చుట్టూ తోలు పట్టీ బిగించి ఉంది.

"ఇది పెడలా, ఎలుకల బోనా?"

"రేసు సైకిల్‌కు గిట్లనే ఉంటదన్నా. పాదాన్ని వదలకుండ పట్టుకుంటది, జోరు ఎక్కువొస్తది."

"జోరు సంగతి తెల్వది గని, పడుడు మాత్రం మస్తుగొచ్చింది."

ఆమె ఉరిమి చూసింది. ఆ చూపు చాలదన్నట్టు పైన ఆకాశం కూడా ఉరిమి నాలుగు చినుకులు రాల్చింది. పట్టీ విప్పుకుని లేచి, గొంతు తగ్గించి, "అన్నా, నీ కాల్మొక్త, నేను పడ్డనని ఎవలకు చెప్పకు" అని, పచ్చలైటు పడగానే మాయమైంది.

అక్కా అన్నందుకు రాజేశం ఆ తర్వాత చాలా రోజులు బాధపడ్డాడు.

అది తొంభై ఆరో సంవత్సరం, జూలై ఆఖరు. రాజేశం కరీంనగర్ జిల్లా పల్లె నుంచి వచ్చి, అశోక్‌నగర్ హాస్టల్లో ఉంటూ గ్రూప్-టూకు చదువుతున్నాడు. డిగ్రీ పాసైనందుకు మేనమామ కొనిచ్చిన సైకిల్ అది. ఇప్పుడు దాని ముందు చక్రం జిలేబీ అయింది. మోసుకుంటూ చిక్కడపల్లికి పోయి, కనిపించిన మొదటి సైకిల్ దుకాణంలో దించాడు.

దుకాణం కుమారస్వామిది. గోడమీద ఆయన వయసులో ఉన్నప్పటి ఫోటో ఉంది. రేసు గెలిచి, మెడలో దండ, మొహంలో పొగరు. ఆ ఫోటో కింద కూర్చుని ట్యూబుకు పంచర్ వేస్తున్నది ఎవరనుకున్నారు? ఆ అమ్మాయే. కుమారస్వామి బిడ్డ రేణుక.

"ఏమైంది బిడ్డా? చక్రం గిట్లయ్యిందేంది?" అన్నాడు కుమారస్వామి.

తండ్రి వెనక నిలబడి రేణుక పెదవుల మీద వేలు పెట్టుకుంది. కళ్ళతో దండం పెట్టింది. కళ్ళతో దండం పెట్టడం అందరికీ రాదు.

"ఇప్పుడే, నారాయణగూడ చౌరస్తాల బర్రె అడ్డమొచ్చింది సార్" అన్నాడు రాజేశం.

"నారాయణగూడ చౌరస్తాలనా? పొద్దుగాల పదింటికా?"

"అవును సార్. నొసట తెల్లమచ్చ. ఒక కొమ్ము వంకర." మొదలుపెట్టాక ఆపడం చేతకాలేదు. "సిగ్నల్ పడ్డా ఆగలే. సీదా నా మీదికే వచ్చి పడ్డది."

రేణుక మొహం ట్యూబు వెనక దాచుకుంది. కుమారస్వామి చక్రాన్ని చూశాడు, కుర్రాణ్ణి చూశాడు, కూతురి గీరుకుపోయిన మోచేతిని చూశాడు. తర్వాత చక్రం సాపు చేశాడు.

సైకిల్ అప్పజెప్పడానికి రోడ్డుదాకా వచ్చిన రేణుక ఒక్క గుక్కలో చెప్పేసింది. ఇంతకుముందే రెండుసార్లు పడింది. "మూడోసారి పడితె సైకిల్ కొక్కానికి ఎక్కిస్త, మల్ల దింప అన్నడు మా నాయిన. ఆగస్టు పదిహేనుకు మా బస్తీ యూత్ వాళ్ళు లేడీస్ రేసు పెడ్తున్నరు. గెలిస్తె జిల్లా టీముల తీసుకుంటరట. నాకు గీ ఒక్కటే కావాలన్నా."

రాజేశం తన పెడల్స్ వంక చూశాడు. అరచేయంత వెడల్పు, చుట్టూ పళ్ళు.

"అయితె ఇవి పెట్టుకో. చెప్పు జారది. కాలు ఎప్పుడంటె అప్పుడు కింద పెట్టొచ్చు."

"రేసు సైకిల్‌కు మౌంటెన్ బైక్ పెడల్సా? గుర్రానికి ఏనుగు కాళ్ళు తొడిగినట్టుంటది! మా నాయిన చూస్తె నవ్వి నవ్వి దుకాణం బంద్ చేస్తడు."

"నవ్వనీ. పడి ఏడ్చుడు కంటె నయమే గద."

ఆమె వంగి పెడల్ కడ్డీని గోటితో గీరి చూసింది. మొహం మారింది. "రెండింటికీ మర ఒక్కటే. కూసుంటది... రేపు పొద్దుగాల ఆరింటికి అశోక్‌నగర్ పార్కు గోడకాడికి ఇప్పుకొని రా అన్నా. ఇంతకూ నీ పేరేంది?"

"రాజేశం."

"మీ తాత పేరు కాదు, నీది."

"మా తాతదే నాకు పెట్టిండ్రు."

ఆ నవ్వుకు అతని రెండు చెవులూ ఎర్రబడ్డాయి.

హాస్టల్లో కుడి పెడల్ నిమిషంలో ఊడింది. ఎడమది కదల్లేదు. రాజేశం గుంజాడు. పక్క మంచం ఏడుకొండలు గుంజాడు. తర్వాత గ్రూప్-టూ బ్యాచంతా వరసగా గుంజింది. పానాకు మంచం కోడు తొడిగి తొమ్మిది మంది ఒక్కసారి వేలాడితే, హాస్టలే ఇంత పక్కకు జరిగిందనీ, కింది వాటాలో కిరాయికున్న ముసలమ్మ భూకంపమని బియ్యం డబ్బా పట్టుకుని బయటికి ఉరికిందనీ ఏడుకొండలు ఇప్పటికీ ఒట్టేసి చెబుతాడు.

తెల్లారి సైకిల్ మోసుకొచ్చిన రాజేశం రాత్రి సంగతి చెబితే రేణుక గోడకు ఆనుకుని నవ్వింది. "అయ్యో, తొమ్మిది మంది కలిసి ఇప్పలే, బిగించిండ్రు! ఎడమ పెడల్ ఉల్టా తిప్పాలె. తొక్కుతుంటె ఊడిపోకుండ దాని మర ఉల్టా ఉంటది." పానా మీద కాలేసి ఒక్క దూకు దూకింది. టక్కుమని వదిలింది.

రోజూ అదే పని. ఆరింటికి అతని పెడల్స్ ఆమె సైకిల్‌కు, ఏడింటికి మళ్ళీ ఎవరివి వారికి. రాజేశానికి దేశాల రాజధానులు తక్కువగా వచ్చాయి గానీ, రెండు పెడల్స్ రెండు నిమిషాల్లో మార్చడం వచ్చింది. వాన పడుతుండేది. ఆమె మూల తిరిగి వచ్చేసరికి అతను గోడ పక్కన తడుస్తూ పుస్తకం పట్టుకుని ఉండేవాడు.

"చదువుతున్నవా అన్నా?"

"నువ్వు ఒక రౌండ్ కొట్టొచ్చేలోపల ఒక ప్రధానమంత్రి అయిపోతున్నడు."

"జర పెద్ద రౌండ్ కొట్టమంటవా?"

"వద్దు, జల్ది రా."

అక్కా అనడం అతను రెండో రోజే మానేశాడు. ఆమె మాత్రం అన్నా అనడం మానలేదు. ఆ ఒక్క మాట వినపడ్డప్పుడల్లా అతనికి చక్రంలో గాలి పోయినట్టుండేది.

ఆగస్టు పదిహేను. జెండా ఎగరేసిన అరగంటకే వాన. కుమారస్వామి దుకాణం ముందే గీత గీశారు. మూడు రౌండ్లు: చిక్కడపల్లి, నారాయణగూడ, హిమాయత్‌నగర్, అశోక్‌నగర్, తిరిగి చిక్కడపల్లి. కుమారస్వామి కూతురి సైకిల్‌ను స్వయంగా నడిపించుకొచ్చాడు. "కొత్త పట్టీలేసిన బిడ్డా. పాదం ఊడమన్నా ఊడది."

రేణుక మొహం పాలిపోయింది. తాడు అవతల నిలబడ్డ రాజేశం వైపు చూసింది.

రాజేశం తాడు దూకి వచ్చి తన సైకిల్ తలకిందులు చేశాడు. పానా తీశాడు.

"ఏయ్ పోరడా! నా బిడ్డ సైకిల్ మీద చెయ్యేస్తవేంది?" అని కుమారస్వామి గర్జించాడు.

"నేనే మార్చమన్న నాయినా."

"రేసు సైకిల్‌కు గీ లావు పెడల్సా? బస్తీ మొత్తం చూస్తున్నరు, నా ఇజ్జతేం గావాలె?"

"పడితె నువ్వన్నట్టే కొక్కానికి ఎక్కియ్యి. మల్ల సైకిల్ పేరెత్త."

"అసలు వీడెవడు? నీకేమైతడు? అన్ననా?"

రాజేశం చేతిలో పానా ఆగిపోయింది. వాన కూడా కాసేపు ఆగిందని అక్కడున్నవాళ్ళు చెబుతారు.

"అన్న గాదు" అంది రేణుక.

ఆ తర్వాత ఎడమ పెడల్ ఎలా ఊడిందో రాజేశానికి గుర్తులేదు. చూడకుండానే సరిగ్గా ఉల్టా తిప్పాడు. అది గమనించిన కుమారస్వామి పక్కకు జరిగి చోటిచ్చాడు. ఈల మోగింది.

పన్నెండు సైకిళ్ళు పోయాయి. రాజేశం మిగిలిన పట్టీల పెడల్స్ తన సైకిల్‌కు బిగించుకుని అడ్డదారిన అశోక్‌నగర్ మూలకు ఉరికాడు. అక్కడ ఆగాడు. పాదం రాలేదు. మర్యాదగా బురదలోకి ఒరిగిపోయాడు.

బురదలోంచే చూశాడు. అప్పటికే మూడో రౌండ్. ముందు బషీర్‌బాగ్ అమ్మాయి ఒక్కతే దూసుకుపోయింది. వెనక నలుగురు, వాళ్ళ వెనక రేణుక. అప్పుడొచ్చింది బర్రె. పక్క సందులోంచి తీరిగ్గా నడిచొచ్చి రోడ్డు నడుమ నిలబడింది. నొసట తెల్లమచ్చ. ఒక కొమ్ము వంకర. నమ్మకపోతే అశోక్‌నగర్‌లో అడగండి.

నలుగురూ బ్రేకులు వేశారు. నలుగురి పాదాలూ పట్టీల్లోనే ఉన్నాయి. అరలో పుస్తకాల్లా ఒకరిమీద ఒకరు ఒరిగారు. రేణుక టపీమని కాలు కింద పెట్టింది, బర్రె తోక చుట్టూ తిరిగింది, మళ్ళీ పెడల్ మీద కాలేసింది. పళ్ళు బూటును పట్టుకున్నాయి. వాన అడ్డం, ఎదురుగాలి అడ్డం, ముందున్న అమ్మాయికి నూరు గజాలు. ఆ నూరు యాభై అయ్యాయి, పది అయ్యాయి, దుకాణం ముందు గీతకాడ జానెడు అయి, జానెడు రేణుక వైపు తిరిగింది.

చిక్కడపల్లి అరిచిన అరుపుకు జెండా ఇంకోసారి విప్పుకుందట.

రేణుక ఒంటికాలు నేలమీద దర్జాగా ఆనించి, జనంలో వెతికింది. బురదముద్దలా వస్తున్నవాణ్ణి చూసి గొంతు చించుకుంది. "రాజేశం! పడలే! చూసినవా రాజేశం?"

అన్నా లేదు. తాత పేరు అంత బాగుంటుందని అతనికి ఆ రోజే తెలిసింది.

"నీకేమైంది?" అన్నాడు కుమారస్వామి అతని అవతారం చూసి.

"బర్రె సార్..."

"ఇయ్యాల్టి బర్రె నిజమే, అందరు చూసిండ్రు. ఆనాటి నారాయణగూడ బర్రె సంగతి చెప్తున్నవా? దాని మోచేతికి పసుపు పెట్టింది నేనే."

రేణుక తల వంచుకుంది. పెద్దాయన వంగి, ఆ లావు పెడల్‌ను వేలితో తిప్పి చూశాడు. రాజేశం సైకిల్ నుంచి పట్టీల పెడల్స్ తనే విప్పి, గోడమీద తన ఫోటో పక్కన కొక్కానికి తగిలించాడు.

"ఇగ గోడ చాటున మార్చుకునుడు బంద్. మీ అమ్మానాయినలను ఒకసారి రమ్మను, మాట్లాడుకుంటం." అని పానా అతని చేతిలో పెట్టాడు. "ఎడమది ఎటు తిప్పాలె?"

"ఉల్టా, మామా."

ఆ మామా అన్న మాట ఎప్పుడొచ్చి కలిసిందో చెప్పినవాడికే తెలియలేదు.

"గ్రూప్-టూ సంగతి దేవుడెరుగు" అన్నాడు కుమారస్వామి మీసాల్లో నవ్వుతూ. "గీ పరీక్షల మాత్రం పాసైనవ్, పో."