ఇంటిముద్ర

2084లో ఏ వస్తువు ఇంట్లోకి వచ్చినా గుమ్మం దాని మీద కంటికి కనిపించని నానో కణాలు చల్లుతుంది. ఆ కణాల్లో ఉండేది ఆ ఒక్క ఇంటికే చెందిన అణుసంకేతం. జనం దాన్ని ‘ఇంటిముద్ర’ అంటారు. పారేసిన వస్తువు చెత్త కరిగింపు కేంద్రానికి చేరేదాకా దాని బాధ్యత ఇంటివాళ్లదే. అనుమతి లేని బండివాడికి ఇచ్చి చేతులు దులుపుకున్నా నేరమే. ముద్రను కనిపెట్టిందీ, ఆ నిబంధన పెట్టించిందీ డాక్టర్ లాస్య.

ఆ మధ్యాహ్నం విశాఖ శివార్లలో, ఆమె ఉండే కాలనీ వెనక దొంగచాటుగా పోసిన చెత్తగుట్ట తొలకరి వానకి జారిపోయింది. కింద కాలువ పూడిక తీస్తున్న అప్పలసూరి దాని అడుగున చిక్కుకున్నాడు.

లాస్య ముద్రలు చదివే జాడయంత్రం పట్టుకుని పరుగెత్తుకొచ్చేసరికి అతని భార్య నూకరత్నం గోళ్లతో గుట్టను పెళ్లగిస్తోంది. కాలనీవాళ్లు పారలు పట్టుకుని తవ్వుతున్నారు.

“ఇందాకే మూలుగు ఇనపడిందమ్మా. బేగి ఎతకండమ్మా!”

“అతని చొక్కా మీద మీ ఇంటిముద్ర ఉంటుంది. యంత్రం పట్టేస్తుంది, ధైర్యంగా ఉండు.”

యంత్రం పైకే చెప్పింది: “పైనున్న ముద్రలన్నీ చదివితేగాని అడుగున ఉన్నది దొరకదు. తొమ్మిది నిమిషాలు పడుతుంది. చదవడం ముగియగానే అన్ని ఇళ్ల జాబితా నేర విభాగానికి వెళుతుంది. మధ్యలో ఆపితే చెరిగిపోతుంది.”

పారలు ఆగిపోయాయి. కాలనీ సంఘం అధ్యక్షుడు దీక్షిత్ లాస్య పక్కకి జరిగాడు.

“మేడమ్, ఈ వానకి సాయంత్రానికల్లా ముద్రలన్నీ కరిగిపోతాయి కదా. అందరం కలిసి చేతులతో తవ్వేద్దాం. యంత్రం ఎందుకు?”

“సిగ్గు లేదూ? కింద మనిషున్నాడు!” అని లాస్య మీట నొక్కింది.

తెర మీద ఒక్కొక్క ఇల్లే పడసాగింది. పద్నాలుగోది ఆమె ఇల్లే.

అమ్మ కన్నుమూసిన పరుపు. కరిగింపు కేంద్రం ముందు వరసలో నిలబడే ఓపిక లేక, పోయిన వారం వీధిలో కనిపించిన బండివాడికి ఇచ్చేసింది. అనుమతి పత్రం అడగాలని ఆ రోజు తోచలేదు.

ఇంకా నాలుగు నిమిషాలు. తెచ్చుకున్న పేరు, నిలబెట్టిన చట్టం, అన్నీ ఆ జాబితాలోనే పోతాయి.

“కనపడ్డాడా అమ్మా?” నూకరత్నం అడిగింది.

లాస్య వేలు ఆపే మీట మీదికి వెళ్లింది. ‘అడుగున కదలిక ఉంది. ఆపమంటారా?’ తెర మీద అక్షరాలు మెరిశాయి.

నొక్కేసింది.

“యంత్రం తడిసి పాడైపోయిందమ్మా,” అంది, మొహం తిప్పుకుని.

మరుక్షణం పారలన్నీ ఒక్కసారిగా లేచాయి. వాన కురుస్తున్నా, అరచేతులు బొబ్బలెక్కుతున్నా ఒక్కరూ ఆగలేదు. లాస్య కూడా వేళ్లు చిట్లేదాకా తవ్వింది. పొద్దు గూకే వేళకి అప్పలసూరి దొరికాడు. ఒళ్లు ఇంకా పూర్తిగా చల్లబడలేదు.

ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లిన నూకరత్నం కాసేపటికి లేచి లాస్య చేతులు పట్టుకుంది.

“సొంతోళ్లు కూడా ఇంత కట్టపడరమ్మా. మీ అందరి మేలు సచ్చేదాకా మరిసిపోను.”

లాస్య నిజం చెప్పడానికి నోరు తెరిచింది. బురదలో నిలబడ్డ కాలనీ అంతా ఆమె వైపే చూస్తోంది.

“వాన ఎక్కువైంది,” అంది. “లోపలికి పదమ్మా.”