లేని ఇంటి వరండాలో దర్జీ

"సేఫ్‌హౌస్ అడ్రస్ లీకైంది," అన్నాడు చీఫ్. "మన దగ్గర జీతం, అవతలివాళ్లకి ఊడిగం. డబుల్ ఏజెంట్. ఆడమనిషి. ముఖం తెలీదు."

తాబేలు గుండె గుభేలుమంది. డిపార్ట్‌మెంట్‌లో అతని కోడ్‌నేమ్ అది. ఆ సేఫ్‌హౌస్ సాక్షాత్తూ అతని మేనత్త ఇల్లు. మేడమీద అద్దెకున్నట్టు దాచిన సైంటిస్టు నాలుక మీద విదేశీ ముఠా పేర్లన్నీ ఉన్నాయి. సాయంత్రం విమానం ఎక్కేదాకా ఆయన ప్రాణం నిలవాలి. అత్త ఇంటికంటే భద్రమైన చోటు లేదని చీఫ్‌తో వాదించింది తానే. ఏరికోరి కొరివితో తల గోక్కున్నాడు.

ప్లంబర్ వేషం వేసి, రెంచిలో వైర్‌లెస్ దాచుకుని తలుపు కొట్టాడు.

"ఒరేయ్, ఆ దిక్కుమాలిన మీసం ఏంట్రా?" అంది అత్త తలుపు తీస్తూనే. వేషం కాస్తా గంగలో కలిసింది. "సరేలే, వేళకొచ్చావు. నీకు మరదలు దొరికింది!"

ముందుగదిలో బల్ల నిండా పాత సిటీ డైరెక్టరీలు. ఏ వీధిలో, ఏ ఇంట్లో ఎవరుండేవారో, ఏం పని చేసేవారో ఏడాదికొకటి చొప్పున అచ్చేసిన లావుపాటి పుస్తకాలు. మామయ్య పోయాక అత్తకి అవే లోకం. ఎప్పుడో ఊరొదిలిపోయిన దర్జీ చిన్నాన్న జాడ కోసం తిరగేస్తోంది.

"లైబ్రరీలో కలిసింది. చిన్నాన్న కూతురి కూతురు! నాకింకా నావాళ్లున్నార్రా." అత్త కళ్లు చెమర్చాయి.

వంటింట్లోంచి టీ ట్రేతో వచ్చిందామె. నల్లటి సిల్కు, పగడపుటుంగరం, ఎంతటివాణ్ణయినా నిలబెట్టేసే నవ్వు.

"బావా! పెద్దమ్మ చూపించిన ఫొటోలో మీసం లేదే?"

తాబేలు నవ్వలేదు. "మీ తాతయ్య ఎక్కడుండేవాడు?"

"దర్జీల సందు, చివరిల్లు." ఒక డైరెక్టరీ తెరిచి వేలు పెట్టింది. "ఇదిగో. ఈ పుస్తకం వచ్చిన ఏడాదంతా వరండాలో మిషన్ వేసుకుని కుట్టేవాడట. అమ్మ చెప్పేది."

అనుమానమే తప్ప ఆధారం లేదు. నిజంగా మరదలే అయితే? అత్త మొహం చూసి రెంచి మీది చెయ్యి తీసేశాడు. ఈలోగా "పైన పెద్దాయనకి ఇచ్చొస్తా, చల్లారిపోతుంది" అంటూ ఆమె కప్పుతో మేడమెట్లెక్కింది.

తాబేలు పుస్తకం లాక్కున్నాడు. "అత్తా, ఇది నువ్వు పుట్టిన ఏటిదా?"

"మరుసటేటిదిరా."

"నువ్వు పుట్టింది ఆ సందు తగలబడ్డ రోజునేగా? ఇల్లు బూడిదయ్యేగా చిన్నతాత ఊరొదిలింది?"

"మళ్లీ కట్టుకున్నాడేమో అనుకున్నా. అచ్చులో ఉందిగా!" అంది అత్త.

అతను మొదటి పేజీ తిప్పాడు. పేర్లు అచ్చుకి ముందు ఏడాది ఇంటింటికీ తిరిగి రాసుకున్నవని చిన్న అక్షరాల్లో ఉంది. వాళ్లు రాసుకెళ్లాక ఇల్లు కాలింది. పేరు మాత్రం అచ్చులో మిగిలిపోయింది. లేని ఇంటి వరండాలో ఏ దర్జీ కుడతాడు? ఆమెకి ఆ సంగతి చెప్పింది అమ్మ కాదు, పుస్తకం!

మెట్ల మీద పరుగు. గది తలుపు తోశాడు. సైంటిస్టు పెదాల దగ్గర కప్పు.

చేతిలో ఉన్న డైరెక్టరీనే విసిరాడు. కప్పు ఎగిరి గోడకి తగిలి ముక్కలైంది. ఒలికిన టీ నేలమీద బుసబుసా నురగలు కక్కింది. ఆమె బ్యాగులోంచి లిప్‌స్టిక్ తీసింది. దాని మూతకి తుపాకీ గొట్టముంది. తాబేలు రెంచి ఆమె మణికట్టు మీద పడింది.

"ఎక్కడ పట్టుకున్నావు, బావా?" బేడీలు పడ్డాక అడిగింది.

"మీవాళ్లు పుస్తకమంతా చదివారు. మొదటి పేజీ వదిలేశారు."

సైంటిస్టు విమానం ఎక్కాడు. తాబేలు తిరిగొచ్చేసరికి అత్త బల్ల దగ్గర ఒంటరిగా కూర్చుని ఉంది.

"నిజమే అనుకున్నాన్రా," అంది.

"తప్పు నాది, అత్తా." మీసం పీకేసి పక్కన కూర్చున్నాడు.

అత్త ముక్కు చీది, కొంగుతో కళ్లు తుడుచుకుంది. "ఆ పక్క ఊరి డైరెక్టరీ ఇటివ్వు. ఇల్లు కాలినా చెయ్యి కాలలేదుగా, ఎక్కడో చోట మిషన్ వేసుకునే ఉంటాడు చిన్నాన్న."

"ఈసారి మరదలు దొరికితే?"

"అది పెట్టిన టీ ముందు దానిచేతే తాగిస్తా. పెళ్లి మాట తర్వాత."