నీరో వాయించాడట

నీరో చక్రవర్తి చేతిలో ఫిడేలు మూడోసారి మాయమైంది.

అది విశాఖపట్నం, 2058. రుషికొండ మీది స్టూడియో హాల్లో, వేదిక మీద రోమ్ నగరం భగభగా మండుతోంది. వేడి తగలదు, అంతే తేడా. మేడ మీద చక్రవర్తి దర్జాగా నిలబడ్డాడు. ఫిడేలు మాత్రం చేతిలోకి వచ్చినట్టే వచ్చి ఆవిరైపోతోంది. దాంతోపాటు ఆయనా పల్చబడిపోతున్నాడు.

"అమ్మా, మళ్ళీ ట అన్నారు!" అద్దాల గదిలోంచి అరిచాడు చక్రధర్. చానెల్లో చరిత్ర కార్యక్రమాలన్నిటికీ పెద్ద అతనే.

"అన్నాను. మళ్ళీ అంటాను," అంది మైకు ముందు కూర్చున్న పేరిందేవి. కాకినాడ మనిషి, అరవై ఒకటి నిండాయి. ముప్పై ఏళ్ళుగా ఇంగ్లీషు డాక్యుమెంటరీలకి తెలుగు గొంతు ఆవిడదే.

ఈ ట గొడవేమిటో తెలియాలంటే ముందు ఆ యంత్రం సంగతి చెప్పాలి. దాని పేరు ఆనవాలు. తయారుచేసినవాడు గుంటూరు డాక్టర్ మస్తాన్‌వలి. మైకులో ఒక వాక్యం చెబితే చాలు, దాన్ని లైటుతో త్రీడీ బొమ్మ చేసి వేదిక మీద నిలబెడుతుంది. కిటుకంతా క్రియాపదంలో ఉంది. 'వాయించాడు' అంటే బొమ్మ గట్టిగా నిలుస్తుంది. 'వాయించి ఉండొచ్చు' అంటే సగం సగం కనిపిస్తుంది. 'వాయించాడట' అన్నారో, ఇడ్లీ పాత్ర మూత తీసినప్పటి ఆవిరే. నిజమేదో అబద్ధమేదో దానికి తెలీదు పాపం. చెప్పేవాళ్ళు చూసి చెబుతున్నారా, విని చెబుతున్నారా, అదొక్కటే దానికి పట్టేది. రికార్డు చేసిన గొంతుకి అది పలకదు కూడా. మనిషి ఎదురుగా కూర్చుని చెప్పాలి. "మాటన్నాక అన్నవాళ్ళు ఒకరుండాలి కదండీ, రేపు ఎవరైనా నిలదీస్తే," అంటాడు మస్తాన్‌వలి.

అసలు మనం ఇంతకాలం టీవీలో చూసిన రోమ్ ఏమిటి చెప్పండి? గడ్డం పెంచిన పెద్దమనిషొకడు శిథిలాల మధ్య చేతులూపుకుంటూ నడుస్తాడు. వెనకాల డప్పులు మోగుతాయి. ఎర్ర అంగీలు తొడిగిన పన్నెండుమంది అటునుంచి ఇటు పరిగెడితే అది మహాసైన్యం. ఎవరో ఎప్పుడో పుకారని రాసిపెట్టినదాన్ని ఆయన కళ్ళారా చూసొచ్చినట్టు చెబుతాడు, మనం నోరు తెరుచుకుని వింటాం. నాకు ఒళ్ళు మండేది అక్కడే.

"రెండువేల ఏళ్ళనాటి సంగతమ్మా, ఎవరు చూశారు?" అంటూ చక్రధర్ హాల్లోకి వచ్చాడు. "ఒక్క అక్షరం. తీసేస్తే మీ సొమ్మేం పోయింది?"

"ఎవరూ చూడలేదనే కదయ్యా ట! ఆ రోజుల్లో ఫిడేలే పుట్టలేదు. మంటలు మొదలైనప్పుడు నీరో ఊళ్ళోనే లేడని రాసినవాళ్ళూ ఉన్నారు. మా వీధిలో పక్కింటి పిల్ల సంగతి చెప్పాలన్నా 'లేచిపోయిందట' అంటాం. చూడకుండా 'లేచిపోయింది' అంటే వాళ్ళమ్మ వచ్చి జుట్టు పట్టుకుంటుంది. ఊరు తగలబడుతుంటే రాజు పాటలు పాడుకున్నాడని చెప్పడానికి ఆపాటి భయం అక్కర్లేదా?"

యంత్రం పక్కనే నిలబడ్డ మస్తాన్‌వలి వైపు తిరిగాడు చక్రధర్. "డాక్టరుగారూ, ఆ ట మిషన్‌కి వినపడకుండా చెయ్యలేరా?"

"చెయ్యొచ్చండి. ఇరవై నిమిషాల పని."

"అయితే చెయ్యండి."

"చెయ్యను."

చక్రధర్ మొహం ఎర్రబడింది. "శనివారం పదకొండు గంటలకి లైవ్. హాల్లో మూడొందలమంది ఉంటారు. స్క్రిప్టులో ఉన్నది ఉన్నట్టు చదవండమ్మా. చదవకపోతే ఆదివారం నుంచి ఆ కుర్చీలో ఇంకొకరు కూర్చుంటారు."

పేరిందేవికి భయమేసింది. వెయ్యదా మరి? ఆ కుర్చీ తప్ప ఆవిడకి వేరే లోకం లేదు. జ్వరమొచ్చినా మిరియాల కషాయం తాగి వచ్చి కూర్చునేది. అయినా మధ్యలో ఉన్న నాలుగు రోజులూ ఆలోచించి, శనివారం తిన్నగా వెళ్ళి మైకు ముందు కూర్చుంది.

"రోమ్ తగలబడింది," అని మొదలుపెట్టింది. మంటలు నిలబడ్డాయి. "నీరో వాయించాడట." నీరో ఆవిరైపోయాడు. "చంపెయ్యమనడానికి జనం బొటనవేలు కిందికి దించేవారట." వేల చేతులు గాలిలో కరిగిపోయాయి. హాల్లో గుసగుసలు బయల్దేరాయి. అద్దాల వెనక చక్రధర్ రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు.

అప్పుడావిడ స్క్రిప్టు పక్కన పెట్టేసింది. "వెసూవియస్ అగ్నిపర్వతం బద్దలై హెర్క్యులేనియం అనే ఊరు పూడిపోయింది. అక్కడ మాడిపోయిన రొట్టె ఒకటి దొరికింది. దానిమీద ముద్ర ఉంది. సెలెర్, క్వింటస్ గ్రానియస్ వేరుస్ బానిస, అని. సెలెర్ ఉన్నాడు."

వేదిక మీద రొట్టె నిలబడింది, దాని వెనక ఒక మనిషి. ముఖం గురించి ఆవిడేమీ చెప్పలేదు కాబట్టి ముఖం లేదు. మనిషి మాత్రం గట్టిగా, నిండుగా, చక్రవర్తులందరూ ఖాళీ చేసిన చోట నిలబడ్డాడు. మూడొందలమందీ లేచి చప్పట్లు కొట్టారు. మస్తాన్‌వలి ఏడ్చేశాడు.

ఆ దెబ్బకి చానెల్ రేటింగు ఆకాశానికెక్కింది. పేరిందేవి కుర్చీ జోలికి ఎవరూ రాలేదు. ఊరంతా ట పిచ్చి పట్టుకుంది. "హోంవర్క్ చేశానట" అని పిల్లలు, "నేను తాగలేదట" అని మొగుళ్ళు. ఇంతలో ఏదో కార్యక్రమంలో ఒక విగ్రహాన్ని 'రోమన్లు చెక్కారు' అని గట్టిగా చెప్పేశారు. అది నిన్నగాక మొన్న చేసిన నకలని తేలి, చానెల్ క్షమాపణ చెప్పాల్సొచ్చింది. దాంతో లీగల్ వాళ్ళు ఒక నియమం పెట్టారు. ట లేకుండా ఒక్క వాక్యం కూడా బయటికి పోకూడదు. కార్యక్రమాల్లోనూ అంతే, ప్రకటనల్లోనూ అంతే, ఆఫీసు ఉత్తరాల్లోనూ అంతే.

మూడు నెలల తర్వాత పేరిందేవి చేతికొచ్చిన కాగితంలో ఇలా ఉంది: "సెలెర్ అనే బానిస ఉండేవాడట."

"ఇదేమిటి?" అంది.

"మీరడిగిందే కదమ్మా," అన్నాడు చక్రధర్. "ట గెలిచింది."

"ఏడిసినట్టుంది! చూడనిదానికి పెట్టమన్నాను గానీ, ఉన్నవాణ్ణి పొగ చెయ్యమన్నానా? వాడి రొట్టె ఉంది, రొట్టె మీద పేరుంది. బతికున్నప్పుడెలాగూ వాణ్ణి ఎవరూ లెక్కపెట్టలేదు. ఇప్పుడూ అదేనా?" ఆ రోజు లైవ్‌లో ఆవిడ "ఉన్నాడు" అనే చెప్పింది.

సాయంత్రానికి ఉత్తరం చేతికొచ్చింది. నియమం ప్రకారమే రాశారు. "మీ సేవలు నేటితో ముగిశాయట."

పేరిందేవి రెండుసార్లు చదివింది. ఫక్కున నవ్వింది. మర్నాడు తొమ్మిదింటికల్లా వచ్చి కుర్చీలో కూర్చుంది.

"ఉత్తరం అందలేదా అమ్మా?" అన్నాడు చక్రధర్ తెల్లబోయి.

"అందింది. ముగిశాయట అని ఉంది. ముగుస్తుంటే చూసినవాడెవడో పిలు. ట కొట్టేసి 'ముగిశాయి' అని సంతకం పెట్టమను. ఈ క్షణమే లేచి వెళ్ళిపోతా."

చక్రధర్ కాగితం పట్టుకుని మూడంతస్తులూ తిరిగాడు. ట తీసి సంతకం పెట్టే మగాడు ఒక్కడూ దొరకలేదు. కలం అతని జేబులోనూ ఉంది, అతనూ తియ్యలేదు.

ఆవిణ్ణి తీసేశామనే ఇప్పటికీ అందరికీ చెబుతున్నాడట. నేను నిన్న వెళ్ళి చూసొచ్చాను. పేరిందేవి ఆ కుర్చీలోనే ఉంది.